వారాంతపు సైడ్ ప్రాజెక్టు: రోజుకో తెలుగు పదం ఆట. ఇందులో ఏం ఉంచాలి, ఏం పీకెయ్యాలి?

గళ్ళచొక్కా · శుక్రవారం రాత్రి 9:12

ఐడియా ఇదీ. వర్డిల్ (రోజుకో ఇంగ్లీషు పదం ఊహించే ఆట) తరహాలో రోజుకో తెలుగు పదం. నాలుగు అక్షరాలు, ఆరు ప్రయత్నాలు. తెరకి రియాక్ట్ ఫ్రంటెండ్, సర్వర్‌కి నోడ్ బ్యాకెండ్, డేటాకి పోస్ట్‌గ్రెస్, ఫోన్ నంబరుతో ఓటీపీ లాగిన్, లీడర్‌బోర్డు, ఆండ్రాయిడ్ యాప్. రెండు వారాంతాల్లో తేలిపోవాలి. ఏది అనవసరం? పదాల లిస్టు ఎక్కణ్ణుంచి తేవాలి?

టెర్మినల్‌తాత · రాత్రి 9:31

"నాలుగు అక్షరాలు, ఆరు ప్రయత్నాలు" ఉంచండి. మిగతాదంతా పీకెయ్యండి.

ముందు ఓటీపీ. మన దేశంలో అప్లికేషన్ నుంచి ఎస్సెమ్మెస్ పోవాలంటే ట్రాయ్ నిబంధన ప్రకారం డీఎల్‌టీ అనే టెలికం కంపెనీల పోర్టల్లో నమోదవ్వాలి, పంపేవాళ్ల పేరుగా కనపడే హెడర్‌కి ఆమోదం కావాలి, ప్రతి మెసేజి టెంప్లేటుకీ ఆమోదం కావాలి. పంపిన మెసేజి టెంప్లేటుతో సరిపోకపోతే ఆపరేటరు దగ్గరే ఆగిపోతుంది. ఒక్క పదం ఊహించే ఆటకి ఇంత తతంగమా? పైగా ప్రతి ఓటీపీకీ డబ్బు. ఎవడో బాట్ పెట్టి రాత్రికి రాత్రి వేల నంబర్లకి ఓటీపీలు పంపిస్తే ఆ బిల్లు మీదే. నంబర్లు దాచుకున్నారంటే 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా మీ నెత్తిన కూర్చుంటుంది. అందులో పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకి తల్లిదండ్రుల అనుమతి నిర్ధారించుకోవాలని ఉంది. పదాల ఆట ఆడేది సగం మంది బడిపిల్లలే కదా.

అసలు వర్డిల్‌కి మొదట్లో బ్యాకెండ్ ఎక్కడుండేది? జవాబుల లిస్టు, సుమారు 2,300 పదాలు, జావాస్క్రిప్ట్ ఫైల్లోనే ఉండేది. స్కోరు బ్రౌజర్ లోకల్ స్టోరేజీలో. సోర్సు చూస్తే రేపటి పదం కూడా కనపడేది. అయినా ఎవరికీ నష్టం లేదు, తన ఆట తనే పాడుచేసుకోవాలని ఎవరికుంటుంది? ఒక హెచ్‌టీఎంఎల్ పేజీ, ఒక స్క్రిప్టు, ఒక పదాల ఫైలు. గిట్‌హబ్ పేజెస్ మీద పెడితే ఖర్చు సున్న.

బగ్గుబాబు · రాత్రి 9:40

లీడర్‌బోర్డు పెట్టినా లాభం లేదు బ్రో. జవాబు బ్రౌజర్లోనే ఉంటే మొదటి పది మందీ ఒక్క ప్రయత్నంలోనే కొట్టేస్తారు.

అరసున్న · రాత్రి 10:05

మీరంతా సర్వర్ దగ్గరే ఆగారు. అసలు తిప్పలు "నాలుగు అక్షరాలు" అన్న మాటలో ఉన్నాయి. అక్షరం అంటే కంప్యూటరుకి తెలీదు.

"స్త్రీ" మనకి ఒక అక్షరం. కంప్యూటరు ఒక్కో గుర్తుకీ ఒక నంబరు (కోడ్‌పాయింటు) వాడుతుంది, ఆ నంబర్ల పట్టికే యూనికోడ్. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. మొత్తం ఆరు. జావాస్క్రిప్ట్‌లో లెంత్ అడిగితే 6 అంటుంది. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్‌పాయింటు ఒక్కోటి 3 బైట్లు కాబట్టి బైట్లు లెక్కపెడితే 18. ఇన్‌పుట్ బాక్సుకి మాక్స్‌లెంత్ 4 అని పెడితే "పరిమళం" టైపు చేసేవాడు "పరిమ" దగ్గర ఇరుక్కుపోతాడు.

అక్షరాలు విడగొట్టడానికి బ్రౌజర్లోనే ఉన్న ఇంట్ల్ సెగ్మెంటర్ వాడదామనిపిస్తుంది. దాన్నీ నమ్మొద్దు. వత్తులున్న హల్లుల్ని విడగొట్టకుండా ఒకే ముక్కగా చూడాలన్న నియమం యూనికోడ్ 15.1లో, అంటే 2023లో, ప్రమాణంలో చేరింది. అంతకుముందు నియమాలతో నడిచే చోట "స్త్రీ" మూడు ముక్కలు, కొత్త నియమాలతో ఒకటి. ఒకే పదం ఒక ఫోన్లో నాలుగు గళ్లు, ఇంకో ఫోన్లో ఆరు గళ్లు అయితే ఆట ఏముంటుంది?

సొంతంగా రాసుకోండి, పది లైన్లు కూడా అవ్వదు. అక్షరం అంటే ఈ రెండిట్లో ఒకటి: అచ్చు, లేదా హల్లు. హల్లు తర్వాత "పొల్లు + హల్లు" జంట ఎన్నిసార్లయినా రావచ్చు, ఆపైన గుణింతపు గుర్తు గానీ పొల్లు గానీ ఒకటి ఉండొచ్చు లేకపోవచ్చు. రెండు రకాలకీ చివర అరసున్న, సున్న, విసర్గల్లో ఒకటి ఉండొచ్చు. ఇదే రెగెక్స్ (నమూనాతో ముక్కలు పట్టే సూత్రం).

పొల్లుతో ముగిసే పదాల్ని ("పార్క్", "బస్") జవాబుల్లోంచి తీసెయ్యండి. ఆ చివరి ముక్కకి సొంత గడి ఇవ్వాలా, ముందు అక్షరంలో కలపాలా అని జనం కొట్టుకుంటారు.

చింతచిగురు · రాత్రి 10:22

అరసున్న గారూ, శుభ్రం చేసే మెట్టు మర్చిపోయారు. అక్షరాలు విడగొట్టే ముందే ఇవి జరగాలి:

ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్, అంటే ఒకే అక్షరాన్ని రకరకాలుగా రాసిన కోడ్‌లని ఒకే రూపానికి తేవడం. తెలుగులో దీని అవసరం పడేది ఐత్వానికే. "ై" అన్నది ఒకే కోడ్‌గా రావచ్చు, ఎత్వం + కింది ఐత్వపు గుర్తు అని రెండుగానూ రావచ్చు. కంటికి ఒకటే, పోలిస్తే వేరు.

సున్న. తెలుగు అంకె సున్న, అక్షరం పక్కన పెట్టే సున్న చూపులకి కవలలు. పాత టైపింగుల్లో ఒకదాని చోట ఇంకొకటి పడి ఉంటుంది. అంకెకి ముందు తెలుగు అక్షరం ఉంటే దాన్ని అక్షర సున్నగా మార్చెయ్యండి.

జీరో విడ్త్ నాన్ జాయినర్. "వెబ్‌సైట్" లాంటి మాటల్లో పొల్లు తర్వాత కనపడకుండా కూర్చునే కోడ్ అది. కొందరు కీబోర్డులో కొడతారు, కొందరు కొట్టరు. అది ఉన్న పదాల్ని జవాబులుగా వద్దు.

"పెళ్లి, పెళ్ళి", "నీళ్లు, నీళ్ళు". రెండూ వాడుకలో ఉన్నాయి. పోల్చేటప్పుడు రెండిటినీ ఒకదానికి దించండి, తెర మీద మాత్రం ఆడేవాళ్లు ఏది రాస్తే అదే చూపించండి. ఱ, ర కూడా అంతే. అర్థం, అర్ధం జోలికి మాత్రం పోకండి. అవి రెండు వేరే మాటలు, కలిపేస్తే తెలుగు మాస్టార్లు కర్ర పట్టుకుని వస్తారు.

గళ్ళచొక్కా · రాత్రి 10:40

బాప్ రే. సరే, పదాలు? ఒక నిఘంటువు సైటు ఉంది, పేజీ నంబర్లు వరసగా ఉన్నాయి. లూప్ పెట్టి యాభై వేల పేజీలు లాగేస్తే?

టెర్మినల్‌తాత · రాత్రి 10:48

వద్దు. తెలుగు నిఘంటువుల సైట్లు చాలావరకు ఒకరిద్దరి ఓపిక మీద నడుస్తున్నవి. మీ లూపు వాళ్ల నెల బ్యాండ్‌విడ్త్‌ని మధ్యాహ్నానికి మింగేస్తుంది. హ్యాకింగ్ అంటే తాళం పగలగొట్టడం కాదు, తెరిచి ఉన్న గుమ్మం ఎక్కడుందో వెతుక్కోవడం. ఇక్కడ గుమ్మం తెరిచే ఉంది: తెలుగు విక్షనరీ, వికీపీడియాకి తోబుట్టువైన నిఘంటువు. వికీమీడియా డంప్స్ (వికీల డేటా కాపీలు) సైట్లో పేజీల శీర్షికలు మాత్రమే ఉన్న జీజిప్ ఫైలు ప్రతి వికీకీ విడిగా దొరుకుతుంది. మొత్తం వ్యాసాల డంపు దించక్కర్లేదు.

చింతచిగురు · రాత్రి 11:03

ఆ ఫైలు నేరుగా వాడితే ఆట పాడవుతుంది, జల్లెడ పట్టాలి. విక్షనరీ శీర్షికల్లో ఇంగ్లీషు మాటలు బోలెడు, అవి ముందు పోవాలి. అండర్‌స్కోర్ ఉన్నవి పదబంధాలు, అవీ పోవాలి. మిగిలినవాటిని అక్షరాలుగా విడగొట్టి నాలుగున్నవి ఉంచుకోండి.

తర్వాత రెండు లిస్టులు చెయ్యండి. ఆడేవాళ్లు రాయడానికి ఒప్పుకునే పదాలు ఎన్నైనా ఉండొచ్చు, ఏడెనిమిది వేలైనా సరే. జవాబులుగా వచ్చేవి మాత్రం అందరికీ తెలిసినవే, ఏడెనిమిది వందలు చాలు. 730 పదాలంటే రెండేళ్ల ఆట.

తెలిసిన పదం అని ఎలా తేల్చాలి? తెలుగు వికీపీడియాలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడదామంటారు. మోసపోతారు. అక్కడ గ్రామాల వ్యాసాలు ఒకే మూసలో వేలకొద్దీ ఉన్నాయి. "పారిశుధ్యం", "పాఠశాల", "పంచాయతీ" లిస్టు నెత్తికెక్కి కూర్చుంటాయి. గ్రామాల వర్గాల్ని తీసేసి, మొత్తం ఎన్నిసార్లు అని కాకుండా ఎన్ని వ్యాసాల్లో వచ్చిందో లెక్కపెట్టండి. ఆ పైన చేత్తో ఏరడమే. ఏడు వందల పదాలు ఒక మధ్యాహ్నం పని. ఏ స్క్రిప్టూ మీ అమ్మమ్మకి ఏ మాట తెలుసో చెప్పలేదు.

అరసున్న · రాత్రి 11:15

బ్రౌన్ నిఘంటువు (1852, సవరించిన కూర్పు 1903) కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది కదా అని అటు వెళ్లేవాళ్లకి ఒక హెచ్చరిక. అందులో మాటలు "పుస్తకము" రూపంలో ఉంటాయి. అలా ఉంటే నాలుగు అక్షరాలు, "పుస్తకం" అంటే మూడు. ముందు ము తీసి సున్న పెట్టి, ఆ తర్వాతే అక్షరాలు లెక్కించాలి. అన్నిటికీ అలా చెయ్యకండి. "ము" ముందున్న అక్షరం అకారాంతమైతేనే మార్చాలి. "నిజము" నిజం అవుతుంది. "ఇనుము" ఇనుముగానే ఉండాలి.

బగ్గుబాబు · రాత్రి 11:19

పైథాన్‌లో జల్లెడ పట్టేవాళ్లు: మామూలు రీ మాడ్యూల్లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ప్లస్ (వరస అక్షరాల్ని పట్టే నమూనా) పెట్టి "తెలుగు" వెతికితే త, ల, గ అని మూడు ముక్కలు చేతికొస్తాయి. గుణింతపు గుర్తుల్ని అది అక్షరాలుగా లెక్కెయ్యదు. రెగెక్స్ అనే విడి మాడ్యూలు వాడండి, లేదా తెలుగు బ్లాకు మొదలూ చివరా ఇచ్చి రేంజ్ రాసుకోండి. ఇది తెలీక "తెలుగు డేటా పాడైపోయింది" అని డంపుని తిట్టేవాళ్లు ఎక్కువ.

గోదారిగట్టు · శనివారం ఉదయం 7:50

పదాల ఆటలు చాలా వచ్చాయన్నా. పంచాంగం యాప్ చెయ్యి, రోజూ తెరుస్తారు.

టెర్మినల్‌తాత · ఉదయం 8:20

మంచి ఐడియానే, కానీ రెండు వారాంతాల పని కాదు. తిథి లెక్క చూడ్డానికి తేలిక: చంద్రుడి రేఖాంశంలోంచి సూర్యుడి రేఖాంశం తీసెయ్, 12 డిగ్రీలతో భాగించు. తీసివేతలో అయనాంశ (రాశిచక్రం మొదలు ఎక్కడో చెప్పే సవరణ) కొట్టుకుపోతుంది కాబట్టి ఏ అయనాంశ అన్న గొడవ తిథికి లేదు. నక్షత్రానికి ఉంది. యోగంలో రెండిటినీ కూడతాం కాబట్టి అయనాంశ రెండింతలై కూర్చుంటుంది.

అసలు చిక్కు మూడు చోట్ల. మొదటిది లైసెన్సు. గ్రహస్థానాలు లెక్కెయ్యడానికి అందరూ స్విస్ ఎఫిమెరిస్ అనే లైబ్రరీ దించుకుంటారు. అది ఏజీపీఎల్, లేదా డబ్బు కట్టి తీసుకునే లైసెన్సు. యాప్‌లో పెట్టి సోర్సు దాచుకుంటానంటే కుదరదు. ఆస్ట్రానమీ ఇంజిన్ అని ఎంఐటీ లైసెన్సుతో ఒకటుంది, దాని కచ్చితత్వం ఒక ఆర్క్ మినిట్ (డిగ్రీలో అరవయ్యో వంతు) లోపు. తిథి ముగిసే సమయంలో అది రెండు నిమిషాల తేడా తెస్తుంది. రెండోది సూర్యోదయం. బింబం పై అంచు కనపడగానే ఉదయమా, మధ్యభాగం వచ్చాకా? పంచాంగానికో పద్ధతి. మూడోది ఊరు. రోజు తిథి అంటే సూర్యోదయానికి ఉన్న తిథి, కాబట్టి హైదరాబాదులో ఒక రోజు వచ్చిన పండగ చికాగోలో ఇంకో రోజు రావచ్చు. ఊరు అడక్కుండా పంచాంగం చూపించే యాప్ అబద్ధం చెప్తున్నట్టే. దీనికి వేరే థ్రెడ్ తెరవండి.

రూట్‌యూజర్ · ఉదయం 8:45

ఐడియాల మాట వచ్చింది కాబట్టి, సామెతలు వెతికే పేజీ కూడా చిన్నదే, పనికొచ్చేదే. ఎస్‌క్యూలైట్ ఎఫ్‌టీఎస్5 (డేటాబేస్‌లో మాటలు వెతికే భాగం) తెలుగుకి నేరుగా పనిచెయ్యదు, అదొక్కటే గుర్తుపెట్టుకోండి. దాని మామూలు టోకెనైజర్ (వాక్యాన్ని మాటలుగా విడగొట్టేది) అక్షరాల్నీ అంకెల్నీ మాత్రమే మాటలో భాగం అనుకుంటుంది. గుణింతాలు, పొల్లు దాని లెక్కలో విరామచిహ్నాలు. కేటగిరీల జాబితాలో యూనికోడ్ గుణింతపు గుర్తుల రకాలైన ఎమ్ఎన్, ఎమ్‌సీ కలిపితే సరిపోతుంది. మూడేసి కోడ్‌పాయింట్ల ముక్కలు చేసే ట్రైగ్రామ్ టోకెనైజర్ కూడా ఉంది. మూడు కోడ్‌పాయింట్ల కన్నా చిన్న మాటని అది పట్టదు.

సరే, ఆటకొద్దాం. తేదీ ఎలా లెక్కేస్తున్నారు?

గళ్ళచొక్కా · ఉదయం 9:02

డేట్ నౌని (జావాస్క్రిప్ట్ ఇచ్చే ఇప్పటి సమయం) రోజుకున్న మిల్లీసెకన్లతో భాగిస్తే రోజు నంబరు వచ్చేస్తుంది కదా?

రూట్‌యూజర్ · ఉదయం 9:10

అదే ఉచ్చు. అది యూటీసీ, అంటే గ్రీనిచ్ సమయపు రోజు. మనకి కొత్త పదం అర్ధరాత్రి కాదు, ఉదయం 5:30కి వస్తుంది. డాలస్‌లో వేసవిలో ముందురోజు సాయంత్రం 7 గంటలకే మారిపోతుంది. ఫోన్‌లో ఉన్న స్థానిక సంవత్సరం, నెల, తేదీ తీసుకుని ఆ మూడిటినీ డేట్ యూటీసీ ఫంక్షన్‌కి ఇచ్చి, అప్పుడు భాగించండి. రెండు స్థానిక అర్ధరాత్రుల్ని తీసివేసి భాగించొద్దు. అమెరికాలో గడియారం మార్చే రోజున రోజుకి 23 గంటలో 25 గంటలో వస్తాయి, ఒక పదం ఎగిరిపోతుంది లేదా రెండుసార్లు వస్తుంది.

ఇంకోటి. జవాబుల లిస్టుని ఒక్కసారి కలిపి, ఆ వరసనే ఫైల్లో పెట్టండి. ఆట మొదలయ్యాక మధ్యలోంచి పదం తీసెయ్యొద్దు. తీస్తే ఆ తర్వాతవన్నీ ఒక రోజు ముందుకి జరుగుతాయి. పాత ఫైలు క్యాష్‌లో ఉన్నవాడికి ఒక పదం, కొత్తది దించినవాడికి ఇంకో పదం. బాగోలేని పదం చోట వేరే పదం పెట్టండి, అదీ రాబోయే రోజుల్లోనే.

బగ్గుబాబు · ఉదయం 9:16

జవాబులు సోర్సులో నేరుగా కనపడకుండా బేస్64 చేద్దామనుకుంటే, ఆ పని చేసే బీటీఓఏ ఫంక్షన్‌కి తెలుగు ఇస్తే ఎర్రర్ విసురుతుంది. టెక్స్ట్ ఎన్‌కోడర్‌తో బైట్లుగా మార్చి, ఒక్కో బైటునీ ఒక్కో అక్షరంగా పేర్చిన స్ట్రింగుని ఇవ్వాలి.

చింతచిగురు · ఉదయం 9:55

ఆట నియమం గురించి ఎవరూ మాట్లాడట్లేదు. ఇంగ్లీషులో 26 అక్షరాలు, కాబట్టి ఆకుపచ్చ, పసుపు చాలు. మనకి ఒక్కో హల్లుకీ గుణింతం, ఆపైన వత్తులు, సున్నలు. అక్షరం మొత్తం అచ్చంగా కలిసే అవకాశం చాలా తక్కువ. ఆరు ప్రయత్నాలూ బూడిద రంగే చూస్తే రెండో రోజు ఎవరూ రారు.

అందుకని సగం పోలిక పెట్టాలి. జవాబు "పరిమళం", ఊహ "పరాక్రమం" అనుకోండి. మొదటి గడి ప, పూర్తిగా కుదిరింది. రెండో గడిలో రా, జవాబులో రి. హల్లు అదే, గుణింతం వేరు. దీనికి విడి రంగు కావాలి. మూడో గడి క్ర, లేదు. నాలుగో గడి మం. మ హల్లు జవాబులో ఉంది కానీ మూడో చోట ఉంది. దీనికి నాలుగో రంగు ఇవ్వొచ్చు. నా ఓటు మాత్రం "హల్లు ఉంది, చోటు వేరు" అన్నదాన్ని పసుపులోనే కలిపెయ్యడానికి. బూడిదతో కలిపి రంగులు నాలుగు దాటితే రూల్సు చదివే ఓపిక ఎవరికీ ఉండదు.

కోడ్‌లో మొదటి చుట్టులో పూర్తిగా కుదిరినవి తీసి పక్కన పెట్టండి, రెండో చుట్టులో అదే చోట హల్లు కుదిరినవి, మూడో చుట్టులో మిగిలినవాటిలో వెతకండి. ఒకే చుట్టులో చేస్తే జవాబులో ఒక్క ల ఉంటే ఊహలో రెండు ల-లూ వెలుగుతాయి.

అరసున్న · ఉదయం 10:10

నాలుగో రంగు ఉండాలని నా వాదన. పసుపులో కలిపితే "అక్షరం ఉందా, హల్లు మాత్రమే ఉందా" తెలీదు, ఊహించేవాడికి సగం సమాచారమే.

చింతచిగురు · ఉదయం 10:14

సగం సమాచారం ఇవ్వడమే ఆటండీ :)

టెర్మినల్‌తాత · ఉదయం 10:30

రంగుల మాట వచ్చింది కాబట్టి: పేరులో వర్డిల్ అని పెట్టకండి. న్యూయార్క్ టైమ్స్ 2022 జనవరిలో ఆ ఆట కొన్నది, 2024లో గిట్‌హబ్ మీదున్న క్లోన్లకి డీఎమ్‌సీఏ (అమెరికా కాపీరైటు చట్టం) నోటీసులు పంపింది. వాటిలో అయిదు నిలువు ఆరు అడ్డం గడులు, ఆకుపచ్చ పసుపు రంగుల ప్రస్తావన కూడా ఉంది. ఒక క్లోన్ రిపోని ఫోర్క్ చేసి పదాలు మార్చడం కన్నా సొంతంగా రాయడం మేలు. మీకు నాలుగు గడులు, వేరే రంగులు ఎలాగూ కావాలి. రంగులు సరిగా కనపడనివాళ్ల కోసం గడి మూలన చుక్కో గీతో పెట్టండి.

గళ్ళచొక్కా · ఉదయం 10:41

కీబోర్డు? తెర మీద సొంతంగా గుణింతాల కీబోర్డు గియ్యాలా?

అరసున్న · ఉదయం 11:00

వద్దు. జనం జీబోర్డులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టడానికి అలవాటు పడ్డారు. లేఖిని నేర్పిన అలవాటది: బ్రౌజర్లో ఒక పెట్టె, ఇటు ఇంగ్లీషు అక్షరాలు, అటు తెలుగు. ఒక మామూలు ఇన్‌పుట్ బాక్సు పెట్టి ఫోన్ కీబోర్డునే వాడనివ్వండి. ఏ మీట నొక్కారో చెప్పే కీడౌన్ ఈవెంట్ మీద ఆధారపడకండి, ఆండ్రాయిడ్ కీబోర్డులు చాలాసార్లు ఏ మీట నొక్కినా 229 అనే చెప్తాయి. ఇన్‌పుట్ ఈవెంట్ వినండి, మాట కూర్చడం అయిందని చెప్పే కంపోజిషన్ ఎండ్ వచ్చేదాకా అక్షరాల లెక్క చూడకండి. మాట మధ్యలో విలువ తిరగరాస్తే అక్షరాలు రెండేసి పడతాయి.

గడి ఎత్తు విషయం: "స్త్రీ", "త్స్న", "ఘౌ" ఈ మూడూ పెట్టి చూడండి. కింద వత్తు తెగకుండా, పైన గుర్తు తగలకుండా ఉంటే మిగతావి ఎలాగూ పడతాయి. లైన్ హైట్ 1.6 నుంచి మొదలెట్టండి. ఫాంటు చిన్నది చేస్తే తెలుగు బ్లాకుతో పాటు జీరో విడ్త్ నాన్ జాయినర్‌నీ సబ్‌సెట్‌లో ఉంచండి.

రూట్‌యూజర్ · మధ్యాహ్నం 12:20

వాట్సాప్‌లో లింకు పంపితే కనపడే బొమ్మని పైథాన్ పిల్లోతో గీస్తే ముందు అక్షరాల్ని సరిగా కూర్చే రక్మ్ లైబ్రరీ ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే వత్తులు కిందికి పోకుండా పక్కన వరసగా నిలబడతాయి. తెలుగు పోస్టర్లలో కనపడే విరిగిన అక్షరాల్లో చాలావాటికి కారణం ఇలాంటి షేపింగ్ లేకపోవడమే.

వరస విజయాల లెక్క లోకల్ స్టోరేజీలో పెడతారు కదా, ఐఫోన్ సఫారీలో ఏడు రోజుల వాడకంలో సైటు తాకకపోతే అది తుడిచేస్తుంది. హోమ్ స్క్రీన్ మీద పెట్టుకున్నవాళ్లకి ఆ బెడద లేదు. "హోమ్ స్క్రీన్‌కి చేర్చండి" అన్న సూచన మూడో రోజు ఆట గెలిచాక చూపించండి, మొదటి రోజు కాదు.

గోదారిగట్టు · మధ్యాహ్నం 12:34

ప్లే స్టోర్లో లేకపోతే మావాళ్లు నమ్మరు అన్నా.

బగ్గుబాబు · మధ్యాహ్నం 12:50

ప్లే స్టోరు 25 డాలర్లు, ఒకేసారి. అది సమస్య కాదు. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలైతే 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్టులో ఉండాలి, ఆ తర్వాతే అందరికీ విడుదలకి అడగొచ్చు. మొదట్లో 20 మంది కావాలన్నారు, తర్వాత తగ్గించారు. ఆపైన టార్గెట్ ఏపీఐ (యాప్ ఏ ఆండ్రాయిడ్ వెర్షన్‌కి చేసిందో చెప్పే నంబరు) ఎప్పటికప్పుడు పెంచుతూ ఉండాలి, లేకపోతే కొత్త ఫోన్ల వాళ్లకి స్టోర్లో మీ యాప్ కనపడదు. ఆపిల్ అయితే ఏడాదికి 99 డాలర్లు. ముందు వెబ్‌లో వదిలి, జనం నెల రోజులు ఆడితే అప్పుడు ఆలోచించు.

గళ్ళచొక్కా · సాయంత్రం 6:05

సర్వర్ పోయింది, లాగిన్ పోయింది, యాప్ పోయింది. అక్షరాలు విడగొట్టే ఫంక్షన్ రాసి టెస్టులు పెట్టాను. ఒక్క అనుమానం: సగం పోలికలో క్ష ని ఏం చెయ్యాలి? యూనికోడ్‌లో అది క, పొల్లు, ష. నా కోడ్ మొదటి హల్లుని చూసి క అంటోంది.

అరసున్న · సాయంత్రం 6:22

క్ష ని విడి హల్లుగా పట్టికలో పెట్టండి, మొదటి హల్లు తీసే ముందే దాన్ని చూడండి. లేకపోతే జవాబు "విలక్షణం" అయిన రోజు "పులకింత" అని రాసినవాడికి మూడో గడి వెలుగుతుంది. చెవికి క్ష వినపడే చోట క ఉందని చెప్తే ఎవరూ ఒప్పుకోరు. త్ర, శ్రీ లాంటివాటికి ఈ మినహాయింపు వద్దు, అక్కడ మొదటి హల్లే సరి.

చింతచిగురు · సాయంత్రం 6:25

జ్ఞ?

అరసున్న · సాయంత్రం 6:31

జ్ఞ జ కిందే. పలికేది గ్న అయినా రాసేది జ తోనే కదా. దీని మీద గొడవొస్తే టెస్టు ఫైల్లో ఒక కామెంటు రాసి పెట్టండి, ఆర్నెల్ల తర్వాత ఎవరో అదే బగ్ తెరుస్తారు.